శాంపిల్ రేటును సింబల్ రేటుతో భాగిస్తే 33.33 వస్తోంది: ఆ మూడో వంతు ఎక్కడికి పోతుంది?

తిరుచానూరు శ్రోత (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా ఇల్లు తిరుచానూరులో. రష్యా వాతావరణ ఉపగ్రహం మెటియోర్-ఎం ఎన్2-4 పంపే చిత్రాలను మా మిద్దె మీద నుంచి పట్టుకోవాలని రెండు నెలలుగా ప్రయత్నిస్తున్నాను. చెరి 53 సెంటీమీటర్ల పొడవున్న రెండు అల్యూమినియం కడ్డీలను 120 డిగ్రీల కోణంలో విప్పి, ఒక కొయ్యముక్కకు బిగించి, బట్టలారేసే తీగకు దూరంగా నిలబెట్టాను. అక్కడి నుంచి వచ్చే కేబుల్ రేడియో తరంగాలను అంకెలుగా మార్చే ఒక చౌక ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ ద్వారా ల్యాప్‌టాప్‌కు చేరుతుంది. ఉపగ్రహం పైకి వచ్చినప్పుడు 137.9 మెగాహెర్ట్జ్ దగ్గర, ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ ఉందో తెర మీద చూపే వాటర్‌ఫాల్‌లో దాదాపు 120 కిలోహెర్ట్జ్ వెడల్పున ఒక పట్టీ చక్కగా కనిపిస్తుంది. కొన్నిసార్లు చిత్రం వస్తోంది, కొన్నిసార్లు రావడం లేదు. వచ్చినప్పుడు ఎందుకు వచ్చిందో కూడా నాకు తెలియకపోవడమే అసలు బాధ.

ఈ ఉపగ్రహం సింబల్ రేట్, అంటే అది సంకేతాలు పంపే వేగం, సెకనుకు 72,000 అని చూసిన ప్రతిచోటా రాసి ఉంది. నేను డాంగిల్‌కు పెట్టిన శాంపిల్ రేట్, అంటే అది తరంగాన్ని కొలిచే వేగం, సెకనుకు 24,00,000. రెండూ ‘సెకనుకు ఇన్ని’ అనే చెబుతున్నాయి కనుక రెండూ సమానంగా ఉండాలేమోనని మొదట్లో శాంపిల్ రేట్ గడిలో 72000 అని కొట్టాను. డాంగిల్ ఆ అంకెను ఒప్పుకోలేదు. ఆ తరువాత 24 లక్షలను 72 వేలతో భాగిస్తే 33.33 వచ్చింది. ఒక సింబల్‌కు ముప్పైమూడు శాంపిళ్లంటే అర్థమవుతుంది, ముప్పైనాలుగన్నా అర్థమవుతుంది, కానీ శాంపిల్‌లో మూడో వంతు అంటే ఏమిటి? దాన్ని శాంపిళ్ల నుంచి చిత్రం తీసే డీకోడర్ పారేస్తుందా, దాచుకుంటుందా? పారేస్తే పది నిమిషాల్లో ఎంత పోగవుతుంది?

ఇంకో మూడు చిక్కులు ఉన్నాయి. ఒకటి, 16 బిట్ల వేవ్ ఫైలుగా రికార్డు చేస్తే ప్రతిసారీ ఏడు నిమిషాల ఇరవైఏడు సెకన్ల దగ్గర ఆగిపోతోంది. రెండు, నోవా అనే అమెరికా వాతావరణ ఉపగ్రహాలు 2025లో మూతపడే ముందు మా సీనియర్లు ఎఫ్ఎంలో వినిపించే శబ్దాన్ని రికార్డు చేసి దానినుంచే చిత్రాలు తీసేవారు. అదే పద్ధతిలో నేను 48,000 రేటుతో శబ్దం రికార్డు చేస్తే ఒక్క గీత కూడా రాలేదు. మూడు, ఉపగ్రహం దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్లిన ప్రతిసారీ చిత్రం చివర నల్లని పట్టీలే మిగులుతున్నాయి. ఇదంతా శాంపిల్ రేట్ తప్పుగా పెట్టడం వల్లనేనా?

చిత్తూరు డిష్ మిస్త్రీ

తమ్ముడూ, నాకు తెలిసిన దారిలో చెబుతాను. ఇళ్లకు ఫ్రీ డిష్ బిగించడం నా పని. సెట్‌టాప్ పెట్టె మెనూలో ఫ్రీక్వెన్సీ 11090 అని కొట్టాక, సింబల్ రేట్ గడిలో 29500 అని కొడతాం. అంటే 93.5 డిగ్రీల దగ్గరున్న జీశాట్-15 ఉపగ్రహం నుంచి సెకనుకు రెండు కోట్ల తొంభైఐదు లక్షల సింబళ్లు వస్తున్నాయని పెట్టెకు చెబుతున్నామన్నమాట. పొరపాటున 27500 అని కొడితే సిగ్నల్ బలం చూపించే గీత నిండుగానే ఉంటుంది, నాణ్యత చూపించే గీత మాత్రం సున్నా దాటదు. ఆ అంకె పంపేవాడిది. మనం దాన్ని తెలుసుకొని ఒప్పుకోవలసిందే తప్ప మార్చలేం.

శాంపిల్ రేట్ మాత్రం మన చేతిలోది. పెట్టె లోపల అది ఎంత ఉందో మన కంటికి కనిపించదు, ఎస్‌డీఆర్‌లో కనిపిస్తుంది, అంతే తేడా. నైక్విస్ట్ సూత్రం ప్రకారం సింబల్ రేటుకు రెట్టింపు ఉంటే చాలని చదివాను కాబట్టి నీకు 1,44,000 సరిపోవాలి. 24 లక్షలు పెట్టడం దండగనే నా అభిప్రాయం.

పాత టెలిప్రింటర్

నేను తంతి కార్యాలయంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. చిత్తూరులోనే స్థిరపడ్డాను. 2013 జూలైలో దేశంలో తంతి సేవ ఆగిపోయాక ఈ మాటలు ఎవరికైనా పనికివస్తాయని అనుకోలేదు. మీరు అడిగిన మూడో వంతు సంగతి మా టెలిప్రింటర్ల గదిలో రోజూ ఎదురయ్యేదే కనుక కొంచెం విడమరచి రాస్తాను.

మా యంత్రాల వేగం 50 బాడ్. సింబల్ రేటుకు ప్రమాణమైన ఈ బాడ్ అనే మాట ఫ్రెంచి తంతి ఇంజనీరు ఎమిల్ బోడో పేరు నుంచి వచ్చింది. 50 బాడ్ అంటే తీగ మీద ఉండే స్థితి సెకనుకు అత్యధికంగా 50 సార్లు మారుతుంది, ఒక్కొక్క స్థితి 20 మిల్లీసెకన్లు నిలుస్తుంది. ఒక అక్షరానికి ముందు ఒక ప్రారంభ సంకేతం, తరువాత అక్షరాన్ని చెప్పే ఐదు సంకేతాలు, చివర ఒకటిన్నర వంతుల విరామం ఉండేవి. మొత్తం ఏడున్నర వంతులు, అంటే 150 మిల్లీసెకన్లు. అవతల చెన్నైలో ఉన్న యంత్రం మోటారు వేరు, ఇవతల మా మోటారు వేరు. రెండింటినీ కలిపే ఇరుసు ఏదీ లేదు, మధ్యలో ఉన్నది తీగ ఒక్కటే. అలాంటప్పుడు ఏ క్షణాన తీగను చూడాలో మా యంత్రానికి ఎలా తెలిసేది? ప్రారంభ సంకేతం రాగానే దాని మోటారు ఒక కామ్‌ను (గుబ్బలున్న చక్రాన్ని) పట్టుకునేది. అక్కడి నుంచి ఒకటిన్నర వంతుల తరువాత మొదటి సంకేతం నడిమధ్యన ఒకసారి, ఆపైన ఒక్కొక్క వంతుకు ఒక్కొక్కసారి తీగను చూసేది. ఐదవ సంకేతం నడిమికి వచ్చేసరికి ఐదున్నర వంతులు గడిచి ఉంటాయి. మన మోటారు వేగంలో నూటికి తొమ్మిది పాళ్ల తేడా ఉంటే ఆ ఐదున్నర వంతుల్లో అర వంతు తప్పి, ఐదవ సంకేతం అంచు మీద చూపు పడుతుంది; అక్షరం తప్పు పడుతుంది. అందులోనూ లైను తెచ్చే వంకర్లు సగం తినేవి కాబట్టి మేము అంత దూరం రానిచ్చేవాళ్లం కాదు.

వేగం సరిచూసే పద్ధతి చెబితే మీ ప్రశ్నకు జవాబు సగం దొరుకుతుంది. మోటారు వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్ చుట్టూ నలుపు తెలుపు గీతల పట్టీ ఉండేది. మా దగ్గర ఒక శ్రుతిదండం ఉండేది. దాని రెండు భుజాల చివర్లలో సన్నని సందున్న చిన్న రేకులు బిగించి ఉండేవి. దండాన్ని అరచేతి మడమకు కొట్టి కంటి దగ్గర పెట్టుకుంటే, అది కంపించినప్పుడల్లా ఆ సందు తెరుచుకుని మూసుకునేది. ఆ సందులోనుంచి తిరుగుతున్న పట్టీని చూస్తే, వేగం సరిగ్గా ఉన్నప్పుడు గీతలు ఉన్నచోటే నిలబడి కనిపిస్తాయి. మోటారు కొంచెం ఎక్కువ వేగంగా ఉంటే గీతలు తిరిగే దిక్కుకే మెల్లగా పాకుతాయి, తక్కువైతే వెనక్కు పాకుతాయి. స్క్రూ తిప్పి ఆ పాకుడును ఆపడమే మా పొద్దుటి పని.

ఇక్కడ శ్రుతిదండం శాంపిల్ రేట్, గీతలు దాటిపోయే వేగం సింబల్ రేట్. గీతలు పాకుతున్నాయంటే ఒక చూపుకు ఇంకో చూపుకు మధ్య పూర్ణసంఖ్య గీతలు కాకుండా కొసరుతో దాటుతున్నాయన్నమాట. ఆ కొసరు ఎక్కడికీ పోదు. తరువాతి చూపులో, ఆ తరువాతి చూపులో చేరుతూ పాకుడుగా కనిపిస్తుంది. మీ 33.33 కూడా అంతే. మీ శాంపిళ్లు ఒక్కొక్కటి 0.417 మైక్రోసెకన్ల దూరంలో ఉన్నాయి, సింబల్ నిడివి 13.89 మైక్రోసెకన్లు. మూడు సింబళ్లు గడిచేసరికి సరిగ్గా నూరు శాంపిళ్లు అవుతాయి. అంటే మొదటి సింబల్ నడిమి ఒక శాంపిల్ మీద పడితే, రెండోదాని నడిమి రెండు శాంపిళ్ల మధ్య మూడో వంతు దూరంలోను, మూడోదానిది మూడింట రెండు వంతుల దూరంలోను పడతాయి. నాలుగోది మళ్లీ శాంపిల్ మీదకు వస్తుంది. శాంపిల్ రేట్ చాలినంత ఉన్నప్పుడు రెండు శాంపిళ్ల నడుమ తరంగం ఏ విలువలో ఉందో లెక్కగట్టి రాబట్టవచ్చు కాబట్టి, డీకోడర్ ఆ నడిమి విలువను తయారు చేసుకుంటుంది. పారేసేదీ లేదు, దాచేదీ లేదు.

ఇందులో ఒక మోసం కూడా ఉంది. మోటారు రెట్టింపు వేగంతో తిరిగినా గీతలు నిలబడినట్టే కనిపిస్తాయి. కొత్తగా చేరిన కుర్రాళ్లు గవర్నర్ స్క్రూను మరీ తిప్పేసి, గీతలు నిలబడ్డాయి కదా అని చెయ్యి తీసేస్తే, యంత్రం చేసే మోత విని పెద్దవాళ్లు పరుగెత్తుకొచ్చేవారు. చాలినన్నిసార్లు చూడని కంటికి వేరే వేగం అసలు వేగంలా కనబడటం అంటే ఇదే; మీ పుస్తకాల్లో దీన్నే ఏలియాసింగ్ అంటారు.

తిరుచానూరు శ్రోత

పాత టెలిప్రింటర్ గారూ, ఇన్నాళ్లూ సమీకరణంగా మాత్రమే చూసినదాన్ని మీరు చెయ్యి పట్టుకుని చూపించారు, కృతజ్ఞతలు. మీ జవాబు చదివాక రాత్రి కూర్చుని ఒక పని చేశాను. రికార్డు చేసిన శాంపిళ్లలో నుంచి వాహక తరంగం తిరుగుడును సాఫ్ట్‌వేర్‌తో తొలగించి, ఐ, క్యూ అనే రెండు పాయల్లో ఐ పాయను మాత్రమే తీసుకుని, మొదట ప్రతి ముప్పైమూడో శాంపిల్‌నూ గ్రాఫుగా గీశాను. పైన ఒక చార, కింద ఒక చార విడివిడిగా వస్తాయని అనుకున్నాను. ఒక మిల్లీసెకను గడవకముందే రెండూ కలిసిపోయి, మళ్లీ విడిపోయి, మళ్లీ కలిసిపోతూ జడలాగా అల్లుకున్నాయి. లెక్క వేస్తే అర్థమైంది. ఒక్కొక్క సింబల్‌కు మూడో వంతు శాంపిల్ చొప్పున వెనకబడుతున్నాను కాబట్టి, నూరు సింబళ్లలో ఒక పూర్తి సింబల్ తప్పిపోతోంది. నూరు సింబళ్లంటే 1.39 మిల్లీసెకన్లే.

తరువాత 33, 33, 34 చొప్పున గంతులు వేయించాను. దీనివల్ల సింబల్ నడిమికి ఎప్పుడూ మూడింట రెండు వంతుల శాంపిల్ కంటే ఎక్కువ దూరం పోను. అది సింబల్ నిడివిలో నూటికి రెండు పాళ్లు మాత్రమే కనుక చారలు శుభ్రంగా విడిపోయి వచ్చాయి. సంబరపడి గ్రాఫును వెడల్పు చేసి చూస్తే, సెకనుకు దాదాపు రెండుసార్లు ఆ చారలు కలిసిపోయి మళ్లీ విడిపోతున్నాయి. లెక్క సరిగ్గా ఉన్నప్పుడు ఈ పాకుడు ఎక్కడి నుంచి వస్తోంది?

గాదంకి దారి

పాకాల దగ్గర ఉంటాను. ముందు మిస్త్రీ గారి మాటకు ఒక సవరణ చెప్పి, తరువాత ఈ పాకుడు సంగతికి వస్తాను.

శాంపిల్ రేట్ గెలవవలసింది సింబల్ రేటుతో కాదు, సిగ్నల్ వెడల్పుతో. ఎస్‌డీఆర్ ఇచ్చే ఐ, క్యూ జంటను ఒక శాంపిల్‌గా లెక్కిస్తాం కనుక, సెకనుకు ఎన్ని జంటలు ఉంటే అంత వెడల్పు ఫ్రీక్వెన్సీ పట్టుబడుతుంది. రెట్టింపు అనే నియమం ఒంటి పాయ శాంపిళ్లకు మాత్రమే. ఈ ఉపగ్రహం సిగ్నల్ దాదాపు 120 కిలోహెర్ట్జ్ ఉంది కాబట్టి 1,44,000 కాగితం మీద సరిపోతుంది, అయితే అది కాకతాళీయం. తక్కువ కరెంటుతో చిన్న సందేశాలను దూరానికి పంపే లోరాను చూడండి. మన దేశంలో 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ మధ్య వాడే ఈ పద్ధతిలో స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ (సింబల్‌ను ఎంత పరిచి పంపాలో చెప్పే అంకె) 12, వెడల్పు 125 కిలోహెర్ట్జ్ పెడితే సింబల్ రేట్ 1,25,000ను 4,096తో భాగించినంత, అంటే సెకనుకు ముప్పై చిల్లర. రెట్టింపు నియమం పట్టుకుని సెకనుకు 61 శాంపిళ్లు తీసుకుంటే చేతికి బూడిద కూడా దక్కదు. డాంగిల్‌కు 72,000 పెట్టి ఉంటే ఏమయ్యేదో కూడా ఇందులోనే ఉంది: 120 వెడల్పున్న దుప్పటిని 72 వెడల్పు పెట్టెలో కుక్కినట్టు అంచులు మడిచి మధ్య మీద పడేవి. అలా మడిచినదాన్ని తరువాత ఏ లెక్కా విప్పలేదు.

శబ్దం రికార్డు చేస్తే చిత్రం రాకపోవడానికి కూడా కారణం ఈ వెడల్పే. నోవా ఉపగ్రహాల చిత్రం 2,400 హెర్ట్జ్ శబ్దం మీద ఎక్కి వచ్చేది, సెకనుకు 4,160 చుక్కలు ఉండేవి. 2,400కు అటూ ఇటూ 2,080 వేసుకుంటే పైకొస 4,480; దానికి 11,025 రేటుతో రికార్డు చేసినా చాలేది. అది నిజంగానే ఎఫ్ఎం మీద వచ్చే శబ్దం కాబట్టి అందరూ అలా తీశారు. మెటియోర్‌లో సమాచారం ఉన్నది తరంగం దశలో (ఫేజ్‌లో), అది కూడా 120 కిలోహెర్ట్జ్ మేర పరుచుకుని. 48,000 రేటున్న శబ్దంలో 24 కిలోహెర్ట్జ్ దాటినదేదీ మిగలదు. ఐ, క్యూ జంటలనే రికార్డు చేయాలి.

వేవ్ ఫైలు ఆగిపోవడం రేడియో తప్పు కాదు. 24 లక్షల జంటలు, జంటకు నాలుగు బైట్లు, అంటే సెకనుకు 96 లక్షల బైట్లు. వేవ్ ఫైలు తన పొడవును 32 బిట్లలో రాసుకుంటుంది కాబట్టి నాలుగు గిగాబైట్ల దగ్గర దాని లెక్క ముగుస్తుంది. భాగిస్తే 447 సెకన్లు, అంటే మీ ఏడు నిమిషాల ఇరవైఏడు సెకన్లే. మీ డాంగిల్ ఇచ్చేది ఎలాగూ 8 బిట్లే కనుక 8 బిట్ల ముడి ఫైలుగా రాసుకోండి. పది నిమిషాలకు మూడు గిగాబైట్ల లోపే అవుతుంది.

24 లక్షలు దండగన్నారు, దానికి మాత్రం ఒప్పుకోను. మీ డాంగిల్ ఒప్పుకునే రేట్లలో 2,88,000 కూడా ఉంది. అది 72,000కు సరిగ్గా నాలుగు రెట్లు, అందువల్ల ముచ్చటగా కనిపిస్తుంది. కానీ డాంగిల్ లోపల అసలు శాంపిల్ తీసుకునే వేగం ఎప్పుడూ సెకనుకు 2.88 కోట్లే, మీరు అడిగిన రేటుకు అది లోపలే తగ్గించి, ప్రతి విలువనూ 8 బిట్లకు గుండ్రం చేసి పంపుతుంది. ఆ తగ్గింపును మీ కంప్యూటర్‌లో చేస్తే గుండ్రం చేయవలసిన అవసరం ఉండదు. 24 లక్షలను పదహారుతో తగ్గించి 1,50,000 చేస్తే పదహారు విలువల సారం ఒకదానిలోకి వస్తుంది. గుండ్రం చేయడం వల్ల చేరే రొద 12 డెసిబెల్స్ తగ్గుతుంది, అంటే 8 బిట్ల డాంగిల్ 10 బిట్ల దానిలా పనిచేస్తుంది. ఊళ్లో ఎఫ్ఎం కేంద్రాల హోరు మధ్య బలహీనమైన ఉపగ్రహాన్ని వినేవారికి ఆ రెండు బిట్లు చిన్నవి కావు. ల్యాప్‌టాప్ పాతదై శాంపిళ్లు జారిపోతుంటే మాత్రం 2,88,000కు దిగడమే మంచిది, ఎందుకంటే మధ్యలో జారిన శాంపిళ్లు తెచ్చే నష్టం రెండు బిట్ల లాభం కంటే చాలా పెద్దది.

ఇక పాకుడు. చదువుకునే రోజుల్లో గాదంకి ఎంఎస్‌టీ రాడార్ దత్తాంశం మీద ప్రాజెక్టు చేశాను. 53 మెగాహెర్ట్జ్ మీద, 1,024 యాగీ యాంటెన్నాలతో ఆకాశంలోకి స్పందనలు పంపే యంత్రం అది. అక్కడ కూడా బాడ్ అనే మాట ఉంది, కానీ రేటుగా కాదు, నిడివిగా: కోడ్ చేసిన స్పందనలో ఒక్కొక్క ముక్క నిడివిని బాడ్ అంటారు. ఒక మైక్రోసెకను బాడ్ అంటే ఎత్తులో 150 మీటర్ల వివరం. బాడ్‌కు ఒక్క శాంపిల్ తీసుకుంటే సరిపోవడం చూసి నేను మొదట ఆశ్చర్యపోయాను. కారణం తేలికైనదే: పంపేదీ వినేదీ ఒకే గడియారం. ఏ క్షణాన పంపారో తెలుసు, ఏ క్షణాన చూడాలో తెలుసు. మీ విషయంలో ఉపగ్రహం గడియారం ఉపగ్రహంలో ఉంది, మీ గడియారం మిద్దె మీది డాంగిల్‌లో ఎండకు మాడుతోంది. అందులోని 28.8 మెగాహెర్ట్జ్ స్ఫటికం పది లక్షలకు 20 పాళ్లు తప్పినా, సెకనుకు 1.44 సింబళ్లు పాకుతాయి. పది నిమిషాలకు 864 సింబళ్లు. దీనికి తోడు ఉపగ్రహం మీ వైపు వస్తున్నప్పుడు సింబళ్లు కొంచెం వేగంగా, దూరమవుతున్నప్పుడు కొంచెం మెల్లగా చేరతాయి. డాప్లర్ ప్రభావం ఫ్రీక్వెన్సీ మీదే కాదు, సింబల్ గడియారం మీద కూడా ఉంటుంది, దాదాపు అంతే పాళ్లలో.

కాబట్టి 33, 33, 34 అనే మీ గంతులు ఎంత సరైన లెక్కతో వేసినా నిలవవు. డీకోడర్ చేసేది వేరు: ప్రతి సింబల్ దగ్గర తాను అంచుకు ముందున్నానా వెనకున్నానా అని కొలుచుకుని, తరువాతి గంతును వెంట్రుకవాసి సర్దుకుంటుంది. గ్నూ రేడియో అనే సాఫ్ట్‌వేర్‌లో సింబల్ సింక్ అనే పెట్టె చేసే పని ఇదే. ఇందులో గార్డ్నర్ 1986లో ఇచ్చిన పద్ధతికి సింబల్‌కు కనీసం రెండు శాంపిళ్లు కావాలి, నడిమిన ఒకటి, అంచున ఒకటి. ముల్లర్, మ్యూలర్ల 1976 నాటి పద్ధతికి ఒక్కటి చాలు. దశను మార్చి సమాచారం పంపడానికి మెటియోర్ వాడే ఓక్యూపీఎస్‌కే అనే పద్ధతిలో ఐ పాయకూ క్యూ పాయకూ మధ్య అర సింబల్ ఎడం ఉంటుంది కనుక, మీరు ఐ పాయను మాత్రమే గీయడం మంచిదైంది. రెండింటినీ ఒకే క్షణాన తీసి గీసి ఉంటే నాలుగు గుంపులు ఎప్పటికీ వచ్చేవి కావు, తప్పు మీదేననుకుని ఇంకో రాత్రి మేల్కొనేవారు.

చివరగా, చిత్రం చివరి నల్లపట్టీలకు శాంపిల్ రేట్‌తో పనిలేదు. తిరుచానూరు నుంచి ఉత్తరం వైపు చూడండి. ఎదురుగా ఉన్నవి శేషాచలం కొండలు. ఉపగ్రహం వాటి వెనక్కు దిగిపోయాక ఏ గడిలో ఏ అంకె కొట్టినా ప్రయోజనం ఉండదు.

చిత్తూరు డిష్ మిస్త్రీ

రెట్టింపు మాట నేను తప్పు చెప్పాను, వెనక్కు తీసుకుంటున్నాను. ఇందులో నాకు ఇంకో సంగతి కూడా తెలిసింది. పెట్టెలో 29500కు బదులు 29501 కొట్టినా బొమ్మ వచ్చేస్తుంది, 27500 కొడితే మాత్రం రాదు. ఎందుకా అని ఇన్నాళ్లూ అనుకునేవాణ్ణి. దగ్గరి తప్పును పెట్టె తనే సర్దుకుంటోంది, దూరపు తప్పును పట్టుకోలేకపోతోందన్నమాట.

పాత టెలిప్రింటర్

అవును మిస్త్రీ గారూ. పట్టుకునే పరిధి అని ఒకటి ఉంటుంది. దాని లోపల ఉన్నంతవరకే సర్దుబాటు. గవర్నర్‌కు కూడా అంతే.

శ్రోత గారికి ఒక చిన్న పరీక్ష చెబుతాను. మీ చారలు కలిసి విడిపోవడాన్ని ఉపగ్రహం వస్తున్నప్పుడు, నడినెత్తికి దగ్గరగా ఉన్నప్పుడు, పోతున్నప్పుడు విడివిడిగా లెక్కపెట్టండి. మేము గీతల పాకుడును చూసి మోటారు తప్పును చెప్పినట్టే, మీరు మీ డాంగిల్ తప్పును చెప్పగలుగుతారు. ఉపగ్రహం అతి దగ్గరగా ఉన్న క్షణాన డాప్లర్ సున్నా కాబట్టి అప్పుడు మిగిలేది మీ స్ఫటికం తప్పే అనుకోవచ్చు.

తిరుచానూరు శ్రోత

లెక్కపెట్టాను. నిన్న సాయంత్రం ఉపగ్రహం బాగా ఎత్తుగా వెళ్లింది, ఈసారి 8 బిట్ల ముడి ఫైలుగా మొత్తం రికార్డు చేశాను. దక్షిణం నుంచి వస్తున్నప్పుడు చారలు దాదాపు నిలబడే ఉన్నాయి. మూడు నాలుగు సెకన్లకు ఒకసారి మాత్రమే కలిశాయి. అతి దగ్గరగా ఉన్నప్పుడు పది సెకన్లలో పద్దెనిమిదిసార్లు కలిశాయి. ఉత్తరానికి వెళ్లేటప్పుడు, కొండల వెనక్కు దిగే ముందు, సెకనుకు మూడుసార్లకు పైనే కలిశాయి.

సెకనుకు 1.8 సింబళ్లను 72,000తో భాగిస్తే పది లక్షలకు 25 పాళ్లు. ట్యూనర్‌కూ శాంపిల్ తీసే భాగానికీ ఆధారం ఒకే స్ఫటికమని గాదంకి దారి గారి జవాబు చదివాక గుర్తొచ్చి, వాటర్‌ఫాల్‌ను మళ్లీ చూశాను. 137.9 మెగాహెర్ట్జ్‌లో 25 పాళ్లంటే 3.45 కిలోహెర్ట్జ్ రావాలి. ఉపగ్రహం అతి దగ్గరగా ఉన్న క్షణంలో పట్టీ నడిమి గీతకు ఎడమవైపు దాదాపు మూడున్నర కిలోహెర్ట్జ్ దూరంలో ఉంది. నా డాంగిల్ గడియారం వేగంగా నడుస్తోందన్నమాట; అందుకే ఉపగ్రహం వస్తున్నప్పుడు డాప్లర్ దాన్ని దాదాపు సరిచేసింది, పోతున్నప్పుడు దానికి తోడైంది.

డాంగిల్ సవరణ గడిలో ఈ 25ను పెట్టి ఈ ఉదయం మళ్లీ రికార్డు చేశాను. పట్టీ నడిమి గీత మీదకు వచ్చింది. 33, 33, 34 గంతులతోనే ఐ పాయను గీస్తే, ఉపగ్రహం దగ్గరగా ఉన్న కొద్దిసేపూ చారలు నిలబడ్డాయి, దానికి ముందూ తరువాతా మాత్రం రెండు వైపులా దాదాపు ఒకే వేగంతో పాకాయి. సింబల్ సింక్ పెట్టెను ఇంకా కలపలేదు. ఈ రాత్రికి అది.